ఆపత్సమయమున చోటు దెలుపుట

ఆపద చెప్పి రాదు. ఇల్లు అంటుకొనుట, పాము కఱచుట, బాటమీద వాహనములు ఢీకొనుట, గుండెనొప్పి వచ్చుట మొదలగునవి వేళ చూచుకొని వచ్చునవి కావు. అవి వచ్చినపుడు మనుష్యుడు మొదట చేయు పని కేక వేయుట. పూర్వము ఊళ్లలో ఆ కేకయే చాలియుండెను. ఒక యింటి తాటాకుకప్పు అంటుకొన్నచో పొగయు మంటయు ఊరివారి కెల్లరకు కనబడెడివి. కేక విన్నవారు కడవలతోను బిందెలతోను పరుగెత్తి వచ్చెడివారు. వారికి త్రోవ చెప్పనక్కఱ లేకుండెను. కేక ఏ దిక్కునుండి వచ్చెనో చెవియే తెలిపెడిది.

టెలిఫోను వచ్చిన తరువాత కేక చాల దూరము పోజొచ్చెను. నేడు ఒక పల్లెలోని బాలుడు మూడంకెలు నొక్కినంతనే అతని మాట ఎన్నియో మైళ్ల దూరముననున్న కార్యాలయమున వినబడును. కాని ఇందొక లోపము కలదు. మాట చేరినను దిక్కు చేరదు. అచ్చట వినుచున్న ఉద్యోగికి ఆ బాలుని ఊరు తెలియదు, వీథి తెలియదు. వారియొద్ద బండ్లు గలవు, మందులు గలవు, సాయము చేయవలెనను తలంపును గలదు. అయినను ఎచ్చటికి రావలెనో తెలియనిచో వారేమియు చేయజాలరు. ఏమి జరిగినదో సరిగా తెలియకున్నను, చోటు తెలిసినచో ఎవరినైన పంపవచ్చును. ఏమి జరిగినదో ఎంత వివరముగ తెలిసినను, చోటు తెలియనిచో ఎవరిని పంపుటకును వీలులేదు. కావున సహాయమునకై పిలుచువాడు మొదట చెప్పవలసినది చోటు. నడుమ మాట తెగిపోయినను ఆ యొక్క ముక్క చెవిని బడియున్నచో బండి బయలుదేరును.

చోటు చెప్పుటలో పొరపాటు జరిగినచో ఏమగునో తెలిసికొనుటకు సముద్రయాన చరిత్రలో ప్రసిద్ధమైన నిదర్శన మొకటి కలదు. 1912 ఏప్రిల్ 14వ తేది రాత్రి టైటానిక్ అను మహానౌక అట్లాంటిక్ మహాసముద్రమున ఒక మంచుకొండను తాకెను. నౌకలోని తంతి ఉద్యోగులు నిస్తంత్రీ వార్తల ద్వారమున నలుదిక్కుల నౌకలను సాయము వేడిరి. సముద్రమున వీథులు లేవు, గుడులు లేవు. అచ్చట చోటు చెప్పుటకు అక్షాంశ రేఖాంశములే ఆధారము. అక్షాంశమున ఒక అంశము సుమారు 111 కిలోమీటర్ల దూరము. అందు అఱువదవ భాగమైన ఒక కళ సుమారు 1.85 కిలోమీటర్లు; దీనినే నావికులు నాటికల్ మైలందురు.

టైటానిక్ నుండి మొదట పంపబడిన వార్తలో ఒక స్థానము చెప్పబడెను. కొంతసేపటికి నాలుగవ అధికారి బాక్స్‌హాల్ మరల గణించి దానిని సవరించెను. ఆ సవరించిన స్థానము ఉత్తర అక్షాంశము 41 అంశముల 46 కళలు, పశ్చిమ రేఖాంశము 50 అంశముల 14 కళలు. సమీపముననున్న కార్పేథియా అను నౌక ఈ స్థానమును లక్ష్యముగ చేసికొని పూర్ణవేగమున బయలుదేరెను. మౌంట్ టెంపుల్ అను మఱియొక నౌకయు అటే నడచెను. మౌంట్ టెంపుల్ చెప్పిన తావును సమీపించి చూడగా అచ్చట మంచుదిబ్బలే గాని ఓడయు లేదు, పడవలును లేవు. కార్పేథియా మాత్రము చెప్పిన తావును చేరకమునుపే, ఆకుపచ్చని వెలుగులను చూచి, ఇంచుమించు నాలుగు గంటలకు పడవలలోనున్న వారిని కనుగొనెను. ఆ పడవలు అదృష్టవశమున దాని దారిలోనే యుండెను. ఏడువందల మంది వఱకు రక్షింపబడిరి. సుమారు పదునైదువందల మంది మరణించిరి.

1985 సెప్టెంబరు 1వ తేదిని సముద్రగర్భమున టైటానిక్ శిథిలములు కనుగొనబడిన తరువాతనే అసలు సంగతి నిశ్చయముగ తేలెను. ఓడ మునిగిన చోటు, ఆ రాత్రి చెప్పిన చోటునకు సుమారు 13 నాటికల్ మైళ్లు, అనగా 24 కిలోమీటర్లు, తూర్పుగా నుండెను. ఆ దోషము వలననే అంతమంది మరణించిరని చెప్పరాదు. కార్పేథియా వచ్చునప్పటికి ఓడ మునిగి గంటన్నర దాటియుండెను. కాని పడవలు నౌక దారికి ఆవలిప్రక్క నుండినచో ఏమయ్యెడిదో ఊహించుకొనవచ్చును. చీకటిలో, తొందరలో, చదువుకొన్న నిపుణుడు చేసిన లెక్కయందే ఇంత భేదము రాగా, గాభరాపడిన సామాన్యుని నోట తప్పు మాట వచ్చుట వింత కాదు. ఆ తప్పు రాకుండుటకే ముందుగ సిద్ధపడియుండవలెను.

ఇక పిలుపు త్వరగా అందుట యెట్లను సమస్య లండను నగరమున ప్రాముఖ్యము వహించెను. 1935 నవంబరులో ఆ నగరమందలి వింపోల్ వీథిలోని ఒక యింట అగ్నిప్రమాదము కలిగి అయిదుగురు స్త్రీలు మరణించిరి. పొరుగున నుండు నొకరు అగ్నిమాపక దళమును పిలుచుటకు టెలిఫోను తీయగా, ఎక్స్చేంజివారు వెంటనే బదులీయలేదు. ఇతరుల సామాన్యమైన పిలుపులతోపాటు ఆ పిలుపును వరుసలో వేచియుండవలసి వచ్చెను. ఆయన ఆ విషయమును పత్రికకు వ్రాసెను. విచారణ జరిగెను. దాని ఫలితముగ 1937 జూన్ 30వ తేదినుండి ఆపత్సమయములందు పిలుచుటకు 999 అను ప్రత్యేక సంఖ్య లండనులో వాడుకలోనికి వచ్చెను. ఆ తరువాత 1968లో అమెరికాలోని అలబామా రాష్ట్రమున 911 అను సంఖ్య మొదలయ్యెను. ఐరోపా దేశములు ఉమ్మడిగ 112 అను సంఖ్యను 1991లో నిర్ణయించుకొనినవి.

మన దేశమున పోలీసులకు 100, అగ్నిమాపక దళమునకు 101 చిరకాలముగ నున్న సంఖ్యలు. 2005 ఆగస్టు 15వ తేదిని హైదరాబాదులో 108 ఆంబులెన్సు సేవ ప్రారంభమయ్యెను. తెలుగునేలపై పుట్టిన ఆ సేవ క్రమముగ ఇతర రాష్ట్రములకును వ్యాపించెను. ఈనాడు తెలుగు పల్లెలలో ఆంబులెన్సు అనుటకు మాఱుగా ‘నూటయెనిమిది’ అనుటయే పరిపాటి యైనది. 2018 నుండి దేశమంతటికిని ఒక్కటే సంఖ్యగా 112 ఏర్పడుచు వచ్చినది. సంఖ్యలు సులభమైనవి, పసివారికి సైతము కంఠస్థమగును. కష్టమైన పని సంఖ్యను నొక్కిన తరువాత మొదలగును.

పూర్వపు టెలిఫోను తీగతో గోడకు కట్టబడియుండెడిది. సంఖ్యను బట్టి అది యెవరి యింటిదో ఎక్స్చేంజిలో తెలిసికొనవచ్చును. సెల్‌ఫోను అట్టిది కాదు. అది మనుష్యునితోపాటు తిరుగును. ‘సెల్‌ఫోను చేతిలోనుండగా చోటు చెప్పనేల? యంత్రమే చెప్పును గదా!’ అని కొందఱు తలంతురు. ఇది కొంతవఱకే నిజము. సెల్‌ఫోను ఏ గోపురము ద్వారమున మాటలాడుచున్నదో తెలియుటచేత చోటును అంచనా వేయవచ్చును. కాని పట్టణములలో ఆ అంచనా కొన్ని వందల మీటర్ల మేరకును, గోపురములు దూరదూరముగ నుండు పల్లెలలో కొన్ని కిలోమీటర్ల మేరకును ఉండును. అన్ని కిలోమీటర్లలో ఎన్నో ఊళ్లు, ఎన్నో పొలములు ఇముడును.

జి.పి.ఎస్. అను పద్ధతి ఇంతకంటె సూక్ష్మమైనది. సుమారు 20,000 కిలోమీటర్ల ఎత్తున తిరుగుచున్న ఉపగ్రహములనుండి వచ్చు సంకేతములను గ్రహించి, ఫోను తానున్న స్థానమును గణించుకొనును. ఆరుబయట ఆకాశము చక్కగ కనబడుచోట అది కొద్ది మీటర్ల తేడాతో స్థానమును చెప్పగలదు. కాని ఎత్తైన కట్టడముల నడుమను, మేడల లోపలను ఆ సంకేతములు సరిగా అందవు. అందినను, ఆ స్థానము ఫోనునకు తెలిసినంత మాత్రమున కార్యాలయమున నున్నవారికి తప్పక తెలియునని నమ్మరాదు. ఉపగ్రహము అయిదంతస్తుల భవనమును చూపునే గాని, రోగి ఏ అంతస్తున నున్నాడో చూపదు. కావున యంత్రము తోడ్పడును గాని నోటిమాట అవసరమును తీసివేయదు.

చోటు చెప్పుటయన ఊరి పేరు చెప్పుటయే యని పలువురి భావము. కాని తెలుగునాట ఒకే పేరుగల ఊళ్లు లెక్కకు మిక్కిలి గలవు. కొత్తపల్లి, కొత్తపేట, రామాపురము, వేంకటాపురము అను పేర్లు ఆంధ్రప్రదేశమునను తెలంగాణమునను పెక్కుచోట్ల కనబడును. కొన్ని పేర్లు ఒకదానినొకటి పోలియుండును. తాడేపల్లి గుంటూరు జిల్లాలోనిది. తాడేపల్లిగూడెము పశ్చిమగోదావరి జిల్లాలోనిది. గాభరాలో సగము పేరు మింగి పలికినచో వినువాడు ఒకదానికి మాఱుగా మఱియొకటి వ్రాసికొనవచ్చును. అందుచేత ఊరి పేరునకు ముందు జిల్లా, మండలము చెప్పుట మంచిది. పెద్దదానినుండి చిన్నదానికి వచ్చుట ఇందలి సూత్రము: జిల్లా, మండలము, గ్రామము, వీథి, ఇల్లు.

ఇందును ఒక చిక్కు కలదు. పరిపాలనా విభాగములు కాలక్రమమున మాఱినవి. 1985లో తాలూకాలకు బదులు మండలములు ఏర్పడినవి. తెలంగాణమున 2016 అక్టోబరు 11వ తేదిని జిల్లాల సంఖ్య 10 నుండి 31కి పెరిగెను. 2019లో అది 33 అయ్యెను. ఆంధ్రప్రదేశమున 2022 ఏప్రిల్ 4వ తేదిని 13 జిల్లాలు 26 అయినవి. వృద్ధులు అలవాటు చొప్పున పాత తాలూకా పేరును, పాత జిల్లా పేరును చెప్పుదురు. అది తప్పు కాదు గాని, వినువాడు క్రొత్త పటమును చూచువాడైనచో కొంత తడబాటు కలుగును. కావున ఇంట చదువుకొన్న పిల్లలు తమ ఊరు ఇప్పుడు ఏ జిల్లాలో, ఏ మండలములో నున్నదో తెలిసికొని పెద్దలకును చెప్పియుండవలెను. పెద్ద గ్రామమునకు అనుబంధముగ నుండు శివారు పల్లెలు, తండాలు, గూడెములు గలవారు తమ పల్లె పేరుతోపాటు పెద్ద గ్రామము పేరును, అచ్చటినుండి ఎంత దూరమో, ఏ దిక్కో చెప్పవలెను. 1972లో వచ్చిన పిన్‌కోడు ఉత్తరములకు చక్కగ ఉపయోగించును. కాని ఒక్కొక్క పిన్‌కోడు క్రింద పెక్కు ఊళ్లు ఉండుటచేత అది యొక్కటియే చాలదు.

ఊరు చేరిన బండి ఇల్లు చేరుటకు ఆనవాలు కావలెను. ఆనవాలు చెప్పుటలో ఒక మెలకువ కలదు. బండి నడపువాడు ఆ ఊరివాడు కాడు. ‘సుబ్బయ్యగారి కొట్టు ప్రక్క’ అనినచో ఊరివారికి అర్థమగును గాని అతనికి కాదు. ‘పెద్ద వేపచెట్టు’ అనినచో పగలు కనబడునేమో గాని రాత్రి కనబడదు. పైగా దారిలో వేపచెట్లు ఎన్నియో యుండును. పరాయివానికి తెలియునట్టిది, రాత్రియు గుర్తింపదగినది, ఒక్కటే యైనది మంచి ఆనవాలు. మంచినీటి ట్యాంకు, పంచాయతి కార్యాలయము, ఉన్నత పాఠశాల, బస్సు ఆగు చోటు, దేవాలయము, మసీదు, చర్చి అట్టివి. ‘ఎడమ, కుడి’ అనునపుడు ఎటునుండి వచ్చువానికి ఎడమయో చెప్పవలెను. లేనిచో ఎడమ కుడి యగును.

పట్టణములలో ఇంటి సంఖ్యలు సాధారణముగ చిన్న గీతలతో వేఱుచేయబడిన మూడు భాగములుగ నుండును. వానిలో మొదటిది వార్డును, రెండవది బ్లాకును, మూడవది ఇంటిని తెలుపును. సంఖ్యనంతయు వరుసగా చెప్పవలెను. అయినను సంఖ్యను వెదకుటలో ఆలస్యము జరుగును గనుక వీథి పేరు, దగ్గరి కూడలి కూడ చేర్చవలెను. మేడయైనచో భవనము పేరు, బ్లాకు, అంతస్తు, లిఫ్టు పనిచేయుచున్నదో లేదో చెప్పవలెను.

రహదారులపై ప్రమాదము జరిగినపుడు ఊరి పేరు తెలియకపోవచ్చును. అప్పుడు బాటప్రక్కనున్న కిలోమీటరు రాయి సాక్షి వలె నుపయోగించును. పసుపుపచ్చని తల గల రాయి జాతీయ రహదారిని, ఆకుపచ్చని తల గల రాయి రాష్ట్ర రహదారిని తెలుపును. రాతిమీద ఏ ఊరు ఎంత దూరమో వ్రాయబడియుండును. జాతీయ రహదారుల సంఖ్యలు 2010లో మార్చబడినవి. మదరాసునుండి కలకత్తాకు పోవు బాట పూర్వము 5వ సంఖ్య, ఇప్పుడు 16వ సంఖ్య. నడుమ అడ్డుగోడ గల బాటమీద ఏ ఊరివైపు పోవు భాగమున ప్రమాదము జరిగినదో తప్పక చెప్పవలెను. చెప్పనిచో బండి ఆవలిభాగమున వచ్చి, ఎదుటనే క్షతగాత్రులు కనబడుచున్నను, మరల్చుకొని వచ్చుటకు మైళ్లకొలది పోవలసియుండును. రైలుమార్గమున విద్యుత్ తీగలను మోయు స్తంభములకు చిన్న పలకలు కట్టబడియుండును. పై సంఖ్య కిలోమీటరును, క్రింది సంఖ్య ఆ కిలోమీటరులో స్తంభము వరుసను తెలుపును. ఇచ్ఛాపురము మొదలు తడ వఱకు గల తీరమున వేటకు పోవు మత్స్యకారులు సముద్రమున ఆపద కలిగినచో తీరరక్షక దళమును 1554 అను సంఖ్యపై పిలువవచ్చును. వారు చెప్పవలసినది టైటానిక్ నావికులు చెప్పినదే: అక్షాంశము, రేఖాంశము.

ఈ విషయమును ఒక ఉదాహరణముతో చూడవచ్చును. ఒక బాలుడు తండ్రితో గుంటూరునుండి చిలకలూరిపేటకు పోవుచు బాటప్రక్క తలక్రిందులైన ఆటోను చూచెననుకొందము. అతడు 108ని పిలిచి ‘అయ్యా! ఘోరప్రమాదము జరిగినది, త్వరగా రండి, చాల రక్తము పోవుచున్నది!’ అని పెట్టివేసినచో ఆ పిలుపు వ్యర్థము. అతడు ఇట్లు చెప్పవలెను:

‘‘అయ్యా! ఇది గుంటూరునుండి చిలకలూరిపేట వైపు పోవు 16వ జాతీయ రహదారి. మేము చిలకలూరిపేట వైపు పోవు భాగములోనే యున్నాము. ప్రక్కనున్న రాతిమీద చిలకలూరిపేట 9 కిలోమీటర్లని యున్నది. ఆటో బోల్తాపడినది. ఇద్దఱకు గాయములు తగిలినవి. ఒకరికి స్పృహ లేదు.’’

‘‘దగ్గర ఏదైన ఆనవాలున్నదా, బాబూ?’’

‘‘ఉన్నదండి. రాయి దాటిన వెంటనే ఎడమప్రక్క పెట్రోలు బంకు కలదు. మా నాన్నగారు బాట అంచున నిలిచి చేయి చూపుచుందురు.’’

‘‘మంచిది. బండి బయలుదేరినది. నీవు ఫోను పెట్టవద్దు.’’

అర నిమిషమైనను పట్టని ఈ మాటలలో రావలసినదంతయు వచ్చినది. ఉద్యోగి ప్రశ్నలడుగుచుండగా కొందఱు విసుగుకొందురు. ‘ఈ ప్రశ్నలేల? ముందు బండి పంపుడు’ అని కసరుదురు. చోటు తెలిసిన వెంటనే బండిని పంపి, అది దారిలోనుండగనే తక్కిన ప్రశ్నలను అడుగవచ్చునని వారెఱుగరు. ఆ ప్రశ్నలు ఆలస్యమునకు కావు, సాయమునకే. కావున ఉద్యోగి చాలునని చెప్పు వఱకు ఫోనును పెట్టరాదు. చెప్పిన చోటును ఉద్యోగి తిరిగి చదివినపుడు శ్రద్ధగా విని, తప్పున్నచో దిద్దవలెను.

పిలిచిన తరువాతను పని మిగిలియుండును. ఒకరు రోగియొద్ద నుండగా మఱియొకరు పెద్దబాట కలియు మలుపున నిలువవలెను. రాత్రియైనచో ఇంటి ముందరి దీపము వెలిగించి, చేతిలో టార్చిలైటు ఉంచుకొనవలెను. వాకిలి తలుపు తీసియుంచి, కుక్కను కట్టివేయవలెను. నడుపువాడు దారి అడుగుటకు మరల పిలుచును గనుక ఆ ఫోనుపై ఇతరులతో మాటలాడరాదు. ఈలోగా రోగిని వేఱొక వాహనమున తీసికొనిపోయినచో ఆ సంగతిని వెంటనే తెలుపవలెను. లేనిచో వచ్చిన బండి శూన్యమైన చోట వెదకుచుండగా, నిజముగ దాని అవసరము గల మఱియొక రోగి ఎదురుచూచుచుండును. వేడుకకై తప్పుడు పిలుపులు చేయువారును ఇట్లే పరుల ప్రాణములతో ఆడుకొనుచున్నారు.

గుండె ఆగిన మనుష్యునకు నాలుగైదు నిమిషములలో మెదడు దెబ్బతిన నారంభించును. తాటాకు కప్పును మంట మ్రింగుటకు అంతకాలమును పట్టదు. ఆ కొద్ది నిమిషములలో కొన్నింటిని దూరము తీసికొనును. దానికెవరు నేమియు చేయలేరు. కాని వెదకులాటలో పోవు నిమిషములు పిలుచువాని చేతిలోనివి. వైద్యము నేర్చుటకు ఏండ్లు పట్టును. తన యింటి చోటును స్పష్టముగ చెప్ప నేర్చుటకు ఒక సాయంకాలము చాలును. ప్రతి విద్యార్థియు తన జిల్లా, మండలము, గ్రామము, వీథి, ఇంటి సంఖ్య, పరాయివాడు గుర్తింపగల ఒక ఆనవాలు, పెద్దబాటనుండి ఇంటికి వచ్చు త్రోవ ఒక కాగితముపై పెద్ద అక్షరములతో వ్రాసి ఇంట గోడకు అంటింపవలెను. ఇంటికి వచ్చిన చుట్టమైనను, చదువు రాని తల్లి కొఱకు పొరుగింటి పిల్లవాడైనను, అవసరమైననాడు దానిని చూచి చదువగలడు. అట్టి కాగితమున్న యింటికి బండి దారి తప్పక చేరును.